ఐదో సవరణ

"నేను చూసి రాయలేదు మేడమ్!" అంది చాందిని.

బల్లకి అవతల ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఉన్న నెరిసిన జుట్టావిడ ఈ కాలేజీ విచారణ కమిటీకి పెద్ద. ఆవిడ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి ముందుకు జరిపింది. ఒకటి అమెరికా రాజ్యాంగం పరీక్షలో చాందిని రాసిన జవాబు. రెండోది పాఠ్యపుస్తకంలో పేజీ. రెండిటికీ కామా కూడా తేడా లేదు.

కెనడాలో కాలేజీ ఏమిటి, అమెరికా రాజ్యాంగం ఏమిటి అంటారేమో. ఆ క్లాసు టైమింగే ఆ పిల్ల కాఫీ షాపు షిఫ్టుకి కుదిరింది, అంతే. స్కార్‌బరోలో ఆ ఏడు ఏ క్లాసులో చూసినా మన పిల్లలే కిక్కిరిసి ఉన్నారు. దొరికిన సబ్జెక్టు పట్టుకోవడమే గానీ ఏరుకునే భాగ్యం ఎక్కడిది?

"సరే, ఐదో సవరణ ఎందుకు తెచ్చారో మీ మాటల్లో చెప్పండి" అంది ఆవిడ.

చాందిని నోరు తెరిచింది. మాట రాలేదు. సొంత మాటలట! నర్సరీ నుంచి ఇంటర్ దాకా ఆ పిల్లని సొంత మాటలు అడిగిన పాపాన ఒక్కరూ పోలేదు. అడిగి ఉంటే ఇవాళ ఈ కుర్చీలో ఇలా కూర్చునేది కాదు.

ఆవిడ పెన్నుకి మూత పెట్టింది. "ఒక్క జవాబే కదా, మొదటిసారి కదా అని హెచ్చరికతో వదిలేద్దామనుకుంటున్నాం. ఇక్కడ సంతకం చేస్తే అయిపోతుంది. కాదంటే పూర్తి విచారణ. అందులో తప్పు తేలితే ఏడాది సస్పెన్షన్."

సస్పెన్షన్ అంటే స్టడీ పర్మిట్‌కి నీళ్లొదులుకోవడమే. పర్మిట్ లేకపోతే పెట్టె సర్దుకుని నిజామాబాద్ వెళ్లాలి. చాందిని కుర్చీలోంచి లేచింది. రెండు నిమిషాలు బయటికి వెళ్లొస్తానని అడిగింది.

ఆమె వెంట వీరభద్రం గారు కూడా వరండాలోకి వచ్చారు. ఆ పిల్ల ఉంటున్న బేస్‌మెంట్ ఆయనదే. తోడుగా కూర్చోవచ్చు గానీ పెదవి విప్పకూడదని కమిటీ రూలు. అందుకని ఇందాకటి నుంచీ ఆయన ఉడికిపోతున్నారు.

"సంతకం పెట్టెయ్యాల్నా అంకుల్?"

"పిచ్చా నీకు? చెయ్యని తప్పుకి సంతకమేంటమ్మా! ఫైల్లో మచ్చ పడిందంటే రేపు ఇక్కడే ఉండిపోడానికి పీఆర్ అడిగినప్పుడు తగులుకుంటుంది. అమెరికాలో గ్రీన్ కార్డ్ కోసం పడిగాపులు కాసి కాసి ఇటొచ్చినవాణ్ణి, ఈ ఫైళ్ల సంగతి నాకు తెలీదా?"

"మరి వాళ్లు నమ్ముతలేరు గద. నేను చూడలే అంకుల్. మా అమ్మ మీద ఒట్టు."

"నాకెందుకమ్మా ఒట్లు? తెల్లారకట్ల నువ్వు కింద చదివే చదువు పైన మా అందరికీ నోటికొచ్చేసింది. మీ ఆంటీ పప్పుకి తాలింపు పెడుతూ ఫస్ట్ అమెండ్‌మెంట్ అంటోంది."

ఏడవబోతున్న చాందినికి నవ్వొచ్చింది.

"వీళ్లకి మన బట్టీ సంగతి తెలీదు. చూడకుండా అంత పొడుగు ఎలా రాస్తారని వీళ్ల డౌటు. అప్పజెప్పి పారెయ్. దెబ్బకి నోళ్లు మూసుకుంటారు."

"అంతేనంటరా?"

"అంతే. వెళ్లు."

చాందిని లోపలికి వెళ్లి కూర్చోలేదు. టీచరు ముందు నిలబడ్డట్టు చేతులు కట్టుకుని నిలబడింది. "మేడమ్, నేను సంతకం చేయను. మీరు ఏ పేజీ అయినా అడగండి. చూడకుండా చెప్తాను."

ఆవిడ మిగతా ఇద్దరి వంక చూసింది. వద్దనలేక పుస్తకం తెరిచింది. "ఐదో సవరణ."

అంతే, ఇందాక రాని ఇంగ్లీషు గోదారిలా వచ్చింది. ఏ క్రిమినల్ కేసులోనూ, తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పాలని ఎవరినీ నిర్బంధించరాదు. ఆ వాక్యం, దాని చరిత్ర, కింద చిన్నక్షరాల్లో ఉన్న వివరణతో సహా చాందిని గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పింది. పుస్తకం మీద ఆవిడ వేలు వరస వెంట వరస జారుతోంది. ఎక్కడా ఆగలేదు.

పక్కనున్న లెక్చరర్ గబగబా ఫైలు తిరగేశాడు. "రెండో ప్రశ్నకి మీరు రాసింది?"

"అది కూడా వచ్చు సార్." చెప్పింది.

"నాలుగోది?"

"వచ్చు సార్." అదీ చెప్పింది. ఆయన అడగకపోయినా మూడోదీ, ఐదోదీ చెప్పింది. ఒక్క అక్షరం పొల్లుపోలేదు.

వెనక కుర్చీలో వీరభద్రం గారికి చప్పట్లు కొట్టాలనిపించింది. రూలు గుర్తొచ్చి మోకాళ్లు పట్టుకుని కూర్చున్నారు. పిల్ల గట్టెక్కింది, అది చాలు అనుకున్నారు. చాందినికీ నాలుగు రోజులుగా గుండెల మీదున్న బండ దిగినట్టయింది. కళ్లు తుడుచుకుని మొదటిసారి ఆ ముగ్గురి ముఖాల్లోకి సూటిగా చూసింది.

లెక్చరర్ తల దించుకున్నాడు. ఆవిడ పుస్తకం మూసింది. సంతకం కోసం పెట్టిన కాగితాన్ని మెల్లగా వెనక్కి లాక్కుంది.

"మీరు చూసి రాశారని మేమెవ్వరమూ అనలేదు" అంది, నిజంగా బాధపడుతూనే. "పుస్తకంలో మాటల్ని, పుస్తకం పేరైనా చెప్పకుండా, మీ మాటలుగా రాసిచ్చారన్నాం. అదీ ఒక్క జవాబులోనే అనుకున్నాం. పేపరంతా అలాగే రాశారని ఇప్పుడు మీరే సాక్ష్యం చెప్పారు."