ఏడో మలుపు దగ్గర గోడ

‘డ్రైవర్ నిర్లక్ష్యం.’ రెండే మాటలు. రాసింది మీరు. రోడ్డు ఆఫీసులో కుర్చీ వేసుక్కూర్చున్న మీరే.

ఏడో మలుపు దగ్గర పిట్టగోడ వానకి కొట్టుకుపోయిందని మూడు అర్జీలు పెట్టాం. మీరు రెండు ఖాళీ డ్రమ్ములకి సున్నం కొట్టి నిలబెట్టారు. డ్రమ్ములు జీపుని ఆపుతాయా? చలికాలం పొద్దున, మంచులో, ఎదురొచ్చిన లారీకి సంత జీపు దారిచ్చింది. రోడ్డు అంచు విరిగింది. పదకొండు మంది లోయలో పడితే ఏడుగురు బతికారు. మీరొచ్చి ఆ రెండు మాటలూ రాసి ఫైలు మూసేశారు.

ఫైలులో లేనిది నేను చెప్తాను, వినండి.

బతికిన ఏడుగురిలో రాజకుమారి ఒకత్తె, ఫల్గుణ ఒకడు. ఆమెకి చెయ్యి విరిగి అతుక్కుంది. అతనికి కాలు విరిగి వంకరగా అతుక్కుంది. ఫల్గుణ వాళ్లన్న ధర్మ మాత్రం తిరిగి రాలేదు.

ఆ తర్వాత రాజకుమారి జీపెక్కలేదు. మిరియాల బుట్ట నెత్తిన పెట్టుకుని చింతపల్లి సంతకి నడిచే వెళ్లేది. పోను తొమ్మిది కిలోమీటర్లు, రాను తొమ్మిది. జీపు చప్పుడైతే చాలు, రోడ్డు దిగి చెట్టు చాటుకి పోయేది. చెవులు మాత్రం రోడ్డు మీదే ఉండేవి. “దానికి బేరింగు పోయింది” అని గొణిగేది.

రెండో ఏడు ఫల్గుణ ఆమె వెనక నడవడం మొదలెట్టాడు. కుంటుకుంటూ.

“ఏటి, నా ఎనకాల ఒత్తన్నావు?”

“సంతకి. ఉప్పు కావాల.”

“పోయిన వారం ఉప్పే. ఆ ముందు వారం ఉప్పే. మీ ఇంట్లో ఉప్పు తింటన్నారా, పరుసుకుని పడుకుంటన్నారా?”

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు. కాకపోతే ఆ రోజు నుంచి కాస్త మెల్లగా నడిచింది. కుంటికాలు అందుకునేంత మెల్లగా.

అలా ఏడాది నడిచారు. ఒక సంతలో అతను దువ్వెన కొనిచ్చాడు. మా ఊళ్లో కుర్రాడిచ్చిన దువ్వెన గుంట కొప్పులో పెట్టుకుంటే ఇక పెళ్లి మాటే. రాజకుమారి పెట్టుకోలేదు. తిరిగివ్వనూ లేదు. బుట్ట అడుగున దాచింది.

“మీ యమ్మ ఒప్పుకోదు” అంది.

నిజమే. ఫల్గుణ తల్లి సోములమ్మ గొంతు ఊరంతా వినబడింది.

“గుంటలే కరువయ్యారేటిరా? ఆ గుంటనే తేవాలా నా ఇంటికి? ఆ మొకం సూత్తే నాకు జీపే అవుపిత్తాది. నా పెద్దోడే అవుపిత్తాడు.”

ఫల్గుణ వాదించలేదు. ఆ ఏడు కాఫీ పంట అమ్మగానే పాత జీపొకటి కొని, పనసచెట్టు కింద పెట్టించాడు. అది అక్కడి నుంచి కదిలితే ఒట్టు. వెనక సీట్లో కోడి గుడ్లు పెట్టింది, పొదిగింది, పిల్లల్ని దింపింది. ఫల్గుణ మాత్రం సంతకి నడుస్తూనే ఉన్నాడు, ఆమె పక్కన.

ఊరు ఊరుకుంటుందా?

“ఓనరు గారూ, జీపు కొన్నారా, కోళ్లగూడు కొన్నారా?”

రాజకుమారి కూడా అడిగింది. “ఏటి సేద్దామని కొన్నావు?”

“నువ్వెక్కితే కదుల్తాది. ఎక్కకపోతే కోళ్లకి.”

“నా వల్ల కాదు.”

“ఎవులు తొందరపెట్టారు? కోళ్లకి బాగానే ఉంది.”

“నీకు బయం లేదా?”

“ఎందుకు లేదు? జీపులో కూకుంటే కాలు ఒణుకుతాది. నువ్వుంటే ఒణుకుతానే ఒత్తాను.”

ఒక సాయంత్రం సోములమ్మే రాజకుమారి గుమ్మం ముందు నిలబడింది. మంచినీళ్లిస్తే తాగలేదు.

“రేపు సంత. నాను నడవలేను. ఏడో మలుపు మీదగా నన్ను తీసుకెల్లి తీసుకురా. నా కోడలివో కాదో అప్పుడు సూద్దాం.”

తెల్లారేసరికి ఊరంతా పనసచెట్టు దగ్గరే. కోడిపిల్లల్ని దింపారు. తల్లికోడి దిగనంది. దాన్ని ఒళ్లో పెట్టుకుని అందరికన్నా ముందు సోములమ్మే వెనక ఎక్కింది. ఫల్గుణ ముందు సీట్లోకి ఎక్కాడు. రాజకుమారి జీపు చుట్టూ రెండుసార్లు తిరిగింది. టైర్లని కాలితో తన్ని చూసింది. ఎక్కింది.

ఆరో మలుపు దగ్గర జీపు ఆగిపోయింది.

“ఏటయింది?” వెనక నుంచి సోములమ్మ.

రాజకుమారి మలుపు అవతలికి చెవి ఒగ్గి కూర్చుంది. ఫల్గుణ కాలు వణుకుతోంది. సోములమ్మ ముందుకు వంగి రాజకుమారి భుజం మీద చెయ్యి వేసింది.

“నా కొడుకు పోయిన సోటు నాను సూడాల. బేగి ఒద్దు. నిమ్మళంగా ఎల్దాం.”

అదృష్టం, ఆ రోజు మంచు లేదు. పైకొస్తున్న లారీ దూరం నుంచే కనబడింది. మీ డ్రమ్ములు సున్నం రాలిపోయి అక్కడే ఉన్నాయి. లారీ పోయింది. జీపు దాటింది. కోడి ఒక్కసారి అరిచింది, అంతే.

సంత నుంచి తిరిగొచ్చేసరికి రాజకుమారి కొప్పులో దువ్వెన ఉంది. పెట్టింది సోములమ్మ.

వచ్చే నెల పెళ్లి. మీరూ రండి. పెళ్లి జీపు ఆ మలుపు మీదుగానే పోతుంది, మంచు ఉన్నా పోతుంది. కాబట్టి ముందు గోడ కట్టండి. కట్టాక ఆ ఫైలు తెరిచి, ‘డ్రైవర్ నిర్లక్ష్యం’ అన్న రెండు మాటలూ కొట్టేసి, వాటి పక్కన మీరు రాసిన, ఆ రోజు జీపు నడిపిన రాజకుమారి పేరు కూడా కొట్టేయండి.