మూడోసారీ తాళమే

“వచ్చినవా బిడ్డా? ఇయ్యాల జల్దీ వచ్చినవ్!” అంది ముత్యమ్మ, చెప్పుల చప్పుడు విని. కళ్లకు పొరలు కమ్మిన ముసలామె. ఇక ఆమెకు చెవులే కళ్లు మరి.

“మేం లెక్కలోళ్లం అవ్వా,” అన్నాడు మల్లేష్. “సైన్సు చదివినోళ్లను, సైన్సు పని చేసేటోళ్లను రాసుకుంటున్నం.”

మల్లేష్ సూపర్‌వైజరు. పక్కన ఫారాల సంచితో తనుశ్రీ. నెల రోజులుగా ఇస్నాపూర్ కిరాయి గదులన్నీ ఎక్కి దిగి మూడు వందల పన్నెండు మందిని రాసిందా పిల్ల. మిగిలింది ముత్యమ్మ పక్కనున్న ఏడో నంబరు ఒక్కటే. ఆ రోజే ఆఖరు.

“మూడోసారీ తాళమేనా?”

“ఒకనాడు పొద్దున పదికి, మొన్న రెండింటికి, ఇప్పుడు... ఎప్పుడొచ్చినా తాళమే సార్,” అంది తనుశ్రీ.

“గా పోరి పొద్దుగాల పోతది, పొద్దుగూకినంక వస్తది,” అందుకుంది ముత్యమ్మ. “మూడు నెలలాయె. సెప్పుల సప్పుడే ఎరుక నాకు. నోరిప్పి ఒక్క మాట మాట్లాడదు. వచ్చేటోళ్లు లేరు, పిలిచేటోళ్లు లేరు.”

మల్లేష్ ఏడో నంబరు కిటికీలోంచి తొంగి చూశాడు. ఒక్క కంచం, ఒక్క చెంబు. గీతలున్న గాజు గ్లాసులో మనీప్లాంటు తీగ.

“అది బీకరు సార్. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ అట. మందుల కంపెనీ ల్యాబుల చేసిందట. తీసేసినంక ఏదో చిన్న పని దొరికిందట. చదువును బట్టయినా లెక్కల వస్తది గద సార్?”

“వస్తది. కానీ అట, అట అంటే నడవదు. మనిషి ఎదురుంగ కూసొని చెప్పాలె. అయినా నీ సుట్టం లెక్క బతిమాలుతున్నవేంది?” అని నవ్వాడు. “సొంతోళ్ల ఫారాలు నింపినోళ్ల పని పోయింది, యాదుందా?”

తనుశ్రీ నవ్వలేదు. “ఒక్క మనిషే గద సార్. రాస్తే ఏమైతది?”

“ఒక్క మనిషే గద. రాయకుంటే ఏమైతది? కొట్టెయ్.”

ఆమె పెన్ను తీసి ఏడో నంబరు మీద గీత కొట్టింది. గీత వంకరపోయింది. మల్లేష్ ఫారాలు తీసుకుని, “ఇగ పని ఒడిసింది. మళ్ల ఉంటే ఫోన్ చేస్తం,” అని బండెక్కి వెళ్లిపోయాడు.

“గా పోరిని రాసుకున్నరా బిడ్డా?” అని అడిగింది ముత్యమ్మ.

“లేదవ్వా.”

“పాపం, ఎవ్వలో ఏమో,” అంటూ గోడ తడుముకుంటూ ముసలామె లోపలికి పోయింది.

తనుశ్రీ సంచిలోంచి తాళంచెవి తీసి ఏడో నంబరు తలుపు తెరిచింది.