ఫుల్ హ్యాండ్స్ చొక్కా

బకెట్టు ఎత్తబోతుంటే అతని చొక్కా చెయ్యి మోచేతి పైకి జరిగింది.

కొళాయి దగ్గరున్న వాళ్ళందరూ చూశారు. మోచేతి మడతలో సూది గుచ్చిన మచ్చలు. కొన్ని మానినవి, కొన్ని ఇంకా కమిలి ఉన్నవి.

అతను గబుక్కున చెయ్యి కిందికి లాక్కుని, బకెట్టుతో తను అద్దెకుంటున్న పైగదికి వెళ్ళిపోయాడు.

"అదీ సంగతి! మండుటెండలో కూడా ఫుల్ హ్యాండ్స్ చొక్కా ఎందుకేస్తాడో ఇప్పుడు తెలిసింది," అంది ఇంటావిడ.

"మత్తుమందేమో పిన్నిగారూ?"

"ఏమో ఏంటి? మొన్న పాపం కదాని టీ ఇస్తే, 'ఈ వారం టీ తాగకూడదండీ' అన్నాడు. టీకి వారాలూ వర్జ్యాలూ ఏమిటమ్మా! ఉండుండి రెండేసి రోజులు మాయమవుతాడు. తిరిగొచ్చి పడుకుంటే లేవడు."

తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. ఇతను టీ మానేసినా మత్తే అన్నారు.

ఆ రోజు నుంచీ అతని పేరు ఫుల్ హ్యాండ్స్.

అందరూ నవ్వారు గానీ, కింద వాటాలో ఉండే దర్జీ భార్య నవ్వలేదు. ఎదుటివాడి గుట్టు నలుగురిలో బయటపడితే ఆమెకి భయమేస్తుంది. ఆమెకూ ఒక గుట్టుంది మరి.

పెళ్ళయిన కొత్తలోనే భర్త రక్తంలో హెచ్.ఐ.వి. ఉందని తెలిసింది. అదృష్టం బాగుండి ఆమెకి అంటలేదు. ఇక ముందు కూడా అంటకుండా రోజూ ఒక బిళ్ళ మింగమంది డాక్టరమ్మ. "పిల్లలు కావాలనుకుంటున్నారు కదా, అస్సలు మానొద్దు," అని మరీ మరీ చెప్పింది.

చెప్పడం తేలికే. ఆ బిళ్ళ కనిపెట్టిన కంపెనీ ఒక్కటే దాన్ని అమ్ముతోంది. ధర వింటే కళ్ళు బైర్లు కమ్ముతాయి.

"చవక రకం వస్తుందమ్మా, పరీక్షల్లో ఉంది," అనేది డాక్టరమ్మ, ఎప్పుడడిగినా.

అందాకా ఎలా? దర్జీ ఇంటి ఇల్లాలు, గుడ్డ పీలిక కూడా పారెయ్యని చెయ్యి. బిళ్ళని కత్తెరతో సగానికి కత్తిరించి, ఇవాళ సగం, రేపు సగం మింగడం మొదలుపెట్టింది. భర్తకి కూడా చెప్పలేదు.

ఒక మధ్యాహ్నం కత్తెర జారింది. సగం బిళ్ళ ఎగిరి గడప దాటింది.

మెట్లు దిగుతున్న ఫుల్ హ్యాండ్స్ దాన్ని తీశాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అక్కా, ఇది సగం మింగితే పని చెయ్యదు," అన్నాడు మెల్లగా.

ఆమె చటుక్కున చెయ్యి చాపింది.

"అది... తలనొప్పి బిళ్ళ."

"కాదక్కా, నాకు తెలుసు. పూర్తిగా మింగు. కొన్నాళ్ళు ఓపిక పట్టావంటే చవకది వచ్చేస్తుంది. అదీ ఇదీ ఒకటే."

"నీకెలా తెలుసు?"

అతను చెప్పబోయాడు. అంతలో ఇంటావిడ దగ్గు వినిపించింది. ఆమె సగం బిళ్ళ లాక్కుని, అతని మొహం మీదే తలుపేసింది.

ఇక కుట్టు మీద మనసు నిలిస్తే ఒట్టు. ఇవాళ నాతో అన్నవాడు రేపు కొళాయి దగ్గర అనడని ఏముంది? తెలిసిందంటే ఇల్లు ఖాళీ చెయ్యమంటారు. మా ఆయనకి ఎవరూ కుట్టడానికి బట్టలివ్వరు. వీడే పోతే బాగుండు భగవంతుడా, అనుకుంది.

సాయంత్రం ఇంటావిడ దగ్గరికి వెళ్ళింది.

"పిన్నిగారూ, పైగది అతను మా గుమ్మం దగ్గర నిలబడుతున్నాడు. మా ఆయన లేనప్పుడు భయంగా ఉంది."

"అయ్యో, నోట్లో నాలుక లేనిదానివి, నువ్వే ఇంత మాటన్నావంటే ఇంకా సాక్ష్యాలెందుకు!"

మర్నాడే ఇంటావిడ గది ఖాళీ చెయ్యమంటే అతను సంచీ సర్దుకున్నాడు. వెళ్తూ వెళ్తూ మూసి ఉన్న ఆమె తలుపు ముందు ఆగాడు.

"సగం చెయ్యకక్కా."

ఆమె తలుపు తియ్యలేదు.

వానాకాలం వెళ్ళేసరికి చవక బిళ్ళ రానే వచ్చింది. ఇప్పుడు రోజుకొకటి మింగినా ఇల్లు గడుస్తుంది. అయినా ఆమెకి అనుమానం తీరలేదు.

"ఇంత చవకంటే భయంగా ఉంది మేడమ్. అసలుదానంత పని చేస్తుందా?"

"తేల్చుకున్నాకే ఇస్తున్నామమ్మా," అంది డాక్టరమ్మ. "ఏ జబ్బూ లేని మనుషులకి ముందు అదీ, తర్వాత ఇదీ మింగించి, గంటగంటకీ రక్తం తీస్తారు. రెండూ ఒంట్లోకి ఒకేలా చేరితేనే బజారుకి వదుల్తారు. ఆ పరీక్షలు మన బైపాస్ రోడ్డు ల్యాబులోనే జరిగాయి. పాపం వాళ్ళ చేతులు చూడాలి, జల్లెళ్ళే."

ఆమె బిళ్ళల అట్ట సంచీలో పెట్టబోయి ఆగింది.

"ఎవరు... ఎలాంటి వాళ్ళు వస్తారు మేడమ్?"

"నాలుగు డబ్బులొస్తాయని లేనివాళ్ళే వస్తారు. కానీ ఎవర్ని పడితే వాళ్ళని తీసుకోరు. మత్తు సంగతి దేవుడెరుగు, సిగరెట్ తాగేవాణ్ణి కూడా గేటు దాటనివ్వరు. ఆ వారం టీ కూడా ముట్టుకోకూడదు."

ఆమె తిన్నగా ఇంటికొచ్చింది. కొళాయి దగ్గర అందరూ ఉన్నారు.

"పిన్నిగారూ, పైగదిలో ఆయన ఎక్కడికి వెళ్ళాడు?"

"ఎవరూ, ఆ మత్తుమందువాడా? ఏ గంగలో దూకాడో, మనకెందుకు? అయినా నువ్వే కదమ్మా పంపించెయ్యమన్నావు?"

అవును, తనే.

ఇన్నాళ్ళూ బిళ్ళల్ని దారపు రీళ్ళ డబ్బాలో దాచుకున్న ఆమె, ఇప్పుడు అట్టని సంచీలోంచి తీసి నలుగురి ముందూ చూపించింది.

"మా ఆయనకున్న హెచ్.ఐ.వి. నాకు అంటకుండా నేను రోజూ మింగే బిళ్ళ పిన్నిగారూ ఇది. నాకంటే ముందు పైగదిలో ఆయన మింగి చూశాడు."