గంట ఆగాక టీ

"నీకు ఇప్పుడు టీ లేదమ్మాయ్. గంట ఆగు."

అందుకోబోయిన గ్లాసును టీ బాబాయ్ వెనక్కి తీసేసుకున్నాడు.

గుండీలమ్మాయికి ఒళ్ళు మండింది. కుట్టు ఫ్యాక్టరీలో చొక్కాలకు గుండీలు కుట్టడం ఆమె పని, అందుకే ఆ పేరు. ఇప్పుడు ఆరో నెల. పొద్దుటి నుంచి వంచిన మెడ ఎత్తలేదు. అన్నం తిని, ఆస్పత్రివాళ్ళిచ్చిన ఐరన్ మాత్ర మింగి, గేటు బయట దొరికే ఈ ఒక్క గ్లాసు కోసమే వచ్చింది.

"గంట ఆగితే మిషను దగ్గరికి తెచ్చిస్తావా బాబాయ్? మాకిచ్చేదే అరగంట."

"ఆ మాత్రకీ టీకీ పడదమ్మా. వెంటనే టీ తాగితే మాత్రలో సత్తువ ఒంటికి పట్టదు. నర్సమ్మని అడిగి మరీ తెలుసుకున్నాను."

"టీ డాక్టరుగారు వచ్చారండీ," అంది పక్కనున్న కాలర్ల వదిన. కాలర్లు కుట్టడంలోనూ, పుల్లవిరుపు మాటలనడంలోనూ ఆవిడది అందెవేసిన చెయ్యి.

బాబాయ్ నిమ్మచెక్క నీళ్ళలో పిండి, చిటికెడు ఉప్పు వేసి ఆమె చేతిలో పెట్టాడు. చుట్టుపక్కల ఇంకో బండి లేదు గనక మూతి ముడుచుకునే తాగడం మొదలుపెట్టింది.

బండి దగ్గర ఉన్నది ఒకటే బల్ల. దానిమీద కూర్చుని ఆస్పత్రి కార్డు వదినకు చూపించింది.

"రక్తం ఏడే ఉందట వదినా. పదకొండుండాలట. కాన్పులో ఎక్కువ పోతే తట్టుకోలేవు, రక్తమిచ్చే మనిషిని ఇప్పుడే చూసిపెట్టుకో అన్నారు. మా ఆయనది కలవదు. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. ఇదిగో, ఈ గడి ఖాళీగానే ఉంది."

వదిన కార్డు అటూ ఇటూ తిప్పి చూసి తిరిగి ఇచ్చేసింది.

"గడి సంగతి తర్వాత. ముందు ఆ గ్లాసు ఖాళీ చెయ్యి," అన్నాడు బాబాయ్. ఖాళీ గ్లాసు తీసుకుని, కడిగి, బల్ల చివర బోర్లించాడు. ఎంత రద్దీ ఉన్నా గ్లాసు బోర్లించకుండా ఇంకో పని ముట్టుకునే మనిషి కాదు.

నెలన్నరపాటు ఇదే తంతు. రోజూ టీ అడిగేది, కాదనిపించుకునేది, రుసరుసలాడుతూ నిమ్మనీళ్ళు తాగేది. మళ్ళీ పరీక్ష చేస్తే తొమ్మిది వచ్చింది.

"మాత్రలు మంచివి," అంది వదినతో.

ఆ మాట విన్న బాబాయ్ ఆరోజు నిమ్మనీళ్ళలో పంచదార కూడా వేశాడు.

ఎనిమిదో నెలలో రోడ్డుకవతల కొత్త టీ బండి వచ్చింది. రంగుల గొడుగు, రెండు బల్లలు, అడిగిందే తడవుగా టీ.

"పద వదినా," అని అందరికంటే ముందు రోడ్డు దాటింది గుండీలమ్మాయే. ఆమె వెనకే గుండీల వరస, కాలర్ల వరస అన్నీ దాటేశాయి.

"అమ్మాయ్, గంట ఆగి తాగమ్మా," ఇవతల నుంచి బాబాయ్ కేకేశాడు.

ఆమె వినబడనట్టు ఊదుకుంటూ తాగింది. నిజం చెప్పాలంటే ఆ టీ వేడినీళ్ళకి మేనత్త కూతురు. అయినా పంతం పంతమే.

మూడు వారాల తర్వాత ఓ రోజు బాబాయ్ బండి కనిపించలేదు. బేరాలు లేక అమ్మేసుకుని ఎటో వెళ్ళిపోయాడన్నారు. బండి ఉండే చోట ఎండిపోయిన నిమ్మతొక్కలు రెండు పడి ఉన్నాయి. వాటిని చూస్తే ఆమె మనసు కలుక్కుమంది. అంతలోనే పని గంట మోగింది, లోపలికి వెళ్ళిపోయింది.

నెలలు నిండి ఆస్పత్రిలో చేరింది. పాప పుట్టింది. ఏడుపు వినిపించింది. తర్వాత రక్తం ఆగలేదు. ఎవరెవరో పరుగులు పెట్టడం తెలిసింది గానీ, ఆపైన ఏమీ తెలియలేదు.

కళ్ళు తెరిచేసరికి మర్నాడు మధ్యాహ్నమైంది. పక్కలో పాప గుప్పెళ్ళు బిగించి నిద్రపోతోంది. నర్సు ఆమె చేతికున్న సూది సరిచేస్తోంది.

"గండం గడిచిందమ్మా. తొమ్మిదున్న రక్తం ఎనిమిదికి దిగితే ఎలా చెప్పు? మాత్ర మింగగానే టీ తాగకూడదని నీకెవరూ చెప్పలేదా?"

చెప్పారు అనబోయింది. ఈలోగా నర్సే అందుకుంది.

"పోనీలే, నీకేం తల్లీ, కొండంత నాన్న ఉన్నాడు. ఎప్పుడో వచ్చి పరీక్ష చేయించుకుని, మా దగ్గరున్న నీ కాగితంలో ఆ ఖాళీ గడిలో తన ఫోను నంబరు రాయించి వెళ్ళాడు. నిన్న ఫోను చేశామో లేదో, పరుగున వచ్చి రక్తమిచ్చాడు."

"నాకు నాన్న లేడు సిస్టర్."

"అయ్యో, అలా అనకు, పెద్దాయన వింటే బాధపడతాడు," అంది నర్సు దుప్పటి సర్దుతూ. "మనిషి కాస్త మొండిఘటమేలే. రక్తమిచ్చినవాళ్ళకి వేడిగా టీ, తర్వాత వేసుకోమని ఓ ఐరన్ మాత్ర ఇస్తాం కదా. ముందు మాత్రే మింగి, టీ మీద మూత పెట్టుకుని నీ గది గుమ్మం బయటే కూర్చున్నాడు. సరిగ్గా గంటయ్యాక తాగి, గ్లాసు కడిగి బోర్లించి మరీ వెళ్ళాడు."