పరీక్ష కేకు

"ఉద్యోగం ఊరికే ఇస్తారా? ముందు నీ చెయ్యి చూడాలి," అంటూ బేకరీ యజమాని పని అడగడానికొచ్చిన అమ్మాయిని వంటగదిలోకి పంపాడు. "మూడంతస్తుల చాక్లెట్ కేకు చెయ్యి."

చివరి క్రీము పువ్వు అద్ది, చేతులు తుడుచుకుంటూ ఆమె అడిగింది. "దీన్నేం చేస్తారు సార్?"

"పరీక్షకి చేసింది అమ్ముకుంటామా? పారేస్తాం." అతను కాస్త క్రీము నాలుకకు రాసుకుని పెదవి విరిచాడు. "నీకింకా చెయ్యి తిరగలేదమ్మా. వెళ్లిరా."

ఆమె వెళ్లలేదు. కౌంటరు పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. అతను గుర్రుగా చూసినా కదల్లేదు.

సాయంత్రం ఒక పెద్దావిడ వచ్చింది. ఆవిడ కోసం లోపల్నుంచి తెచ్చిన అట్టపెట్టెలో అదే కేకు ఉంది.

అమ్మాయి లేచి పెట్టె మీద చెయ్యి వేసింది. "పారేస్తామన్నారు కదా సార్?"

పెద్దావిడ తెల్లబోయింది. "పారెయ్యడమేంటి? పోయినవారం ఇలాంటిదే తీసుకెళ్తే పిల్లలు పళ్లెం నాకేశారు. అందుకేగా మళ్లీ వచ్చాను."

"విన్నారుగా," అంది అమ్మాయి యజమానితో. "పరీక్ష పెట్టండి, తప్పులేదు. జవాబు పత్రాలు అమ్ముకోకండి."

అతను పళ్లు కొరికాడు. "అసలు నీకు ఉద్యోగం కావాలా, వద్దా?"

"నాకు ఉద్యోగం ఉంది సార్. పోయినవారం ఇక్కడ పరీక్షకొచ్చి ఆ కేకు చేసింది మా అక్క. చెయ్యి తిరగలేదన్నారని అప్పట్నుంచి పిండి ముట్టుకోలేదు." ఆమె పెట్టెను పెద్దావిడ చేతికిచ్చింది. "పిల్లలు పళ్లెం నాకారని వెళ్లి చెప్పాలి."