సీలు వేసిన కవరు

మిరపకాయ బజ్జీ కింద ఒక అమ్మాయి ముఖం కనిపించింది.

భీమశంకరరావు బజ్జీ పక్కకు జరిపి చూశాడు. అడ్మిషన్ దరఖాస్తు. ఫొటో మీద నూనె ఇంకి, పిల్ల ముఖం జిడ్డుగా మెరుస్తోంది. కింద ఆధార్ నంబరు, తండ్రి పేరు, కులం, ఫోను నంబరు. ఒక్క అక్షరం చెరగలేదు. కాలేజీ వాళ్ళు పాత కాగితాలు తూకానికి అమ్మేస్తే, అవి బజ్జీల బండికి చేరి, టీ వేళకి మళ్ళీ కాలేజీకే వచ్చాయన్నమాట. అదీ ఏ రోజున? విద్యార్థుల వివరాలు ఎలా కాపాడాలో సిబ్బందికి శిక్షణ ఇస్తున్న రోజున.

పొట్లం కిటికీ గట్టు మీద పెట్టేశాడు. రుషికొండ గాలికి కాగితం రెపరెపలాడింది. పక్కనున్నవాళ్ళు అలాంటి కాగితాలతోనే మూతులు తుడుచుకుంటున్నారు.

పొద్దున్నించీ అతనికి ఇదే వెగటు. హాలు గుమ్మం దగ్గర రిజిస్టరు పెట్టారు గాని, అందులో ఎవరు సంతకం పెడుతున్నారో చూసే నాథుడు లేడు. చివరి వరసలో కూర్చుని అంతా చూశాడు. శిక్షణ ఇవ్వడానికొచ్చిన నీలిమ బాగానే చెప్పింది. పాస్‌వర్డులు కాగితాల మీద రాసి అంటించొద్దంది. తెలియని లింకులు నొక్కొద్దంది. సగంమంది తలలూపుతూనే ఫోనుల్లో రీల్స్ చూసుకున్నారు.

టీకి వదిలే ముందు ఆవిడ గొంతు తగ్గించింది.

"మీ కాలేజీలోనే ఒక అమ్మాయి ఉంది. ఇష్టపడ్డ అబ్బాయిని పెళ్ళి చేసుకుంది. ఇంట్లోవాళ్ళు ఇద్దర్నీ నరుకుతామని వెతుకుతున్నారు. ఎక్కడుంటోందో మీ ఆఫీసుకి మాత్రమే తెలుసు. అది బయటికి పొక్కితే ఆ పిల్ల బతకదు. పేరు నేను చెప్పను."

"సెకండియర్ సాయిదుర్గ కదండీ మేడమ్!" ముందు వరసలోంచి లెక్చరర్ రోజారమణి గట్టిగా అంది.

హాలంతా ఘొల్లుమంది. భీమశంకరరావు నవ్వలేదు. ఆడపిల్ల చావుబతుకుల మాట వస్తే పళ్ళికిలిస్తారా?

నీలిమ మొహం మాడిపోయింది. "ఈరోజే మా తరఫున ఒక మనిషి మీ దగ్గరికి వస్తారు. కావాలనే ఆ చిరునామా అడుగుతారు. ఎవరు చెప్తారో, ఎవరు చెప్పరో చూద్దాం," అంది.

టీ ముగియగానే భీమశంకరరావు జేబులోంచి చిన్న పుస్తకం, పెన్ను తీసి పట్టుకుని ఆఫీసు గదికి నడిచాడు. గుమ్మంలో తడిగుడ్డ పెడుతున్న అటెండరు కాశమ్మ అడ్డంగా నిలబడింది.

"ఎవురు బాబూ మీరు? ఏటి కావాల?"

"సాయిదుర్గ అనే అమ్మాయి ఎక్కడుంటోందో కావాలి."

"ఆ పిల్ల గొడవ మీకెందుకు? కార్డుంటే సూపండి. నేకపోతే ఎల్లండి."

ఇంతమందిలో మనిషనేది ఇదొక్కర్తే, అనుకున్నాడతను.

లోపలినుంచి గుమాస్తా జగ్గారావు నూనె చేతులు ప్యాంటుకి రాసుకుంటూ లేచొచ్చాడు. "ఏటే కాశమ్మా, మతి పోనాదా? ఆ పుస్తకం, ఆ పెన్ను సూస్తే తెల్డం నేదేటి? టెస్టింగు సారు! రండి సార్, రండి. నాను ముందే కనిపెట్టీసేను."

భీమశంకరరావు అవుననలేదు, కాదనలేదు. "చిరునామా చెప్తారా?" అని అడిగాడు.

"సచ్చినా సెప్పను సార్! జగ్గారావు సెప్పనేదని రాసుకోండి."

రాసుకున్నాడు. జగ్గారావు ఛాతీ రెండంగుళాలు పొంగింది.

"కంప్యూటర్లో ఉందా?"

"తీసీసేం సార్. ఒకే ఒక్క కాగితం. కవర్లో ఎట్టి, సీలేసి, బీరువాలో దాసేం."

"దాచామని నోటితో అంటే సరిపోతుందా?"

జగ్గారావుకి రోషం వచ్చింది. "ఎంత మాట సార్! ఎంత జాగర్తగా దాసేమో మీరే సూడండి." గోడకున్న సింహాద్రి అప్పన్న పటం వెనకనుంచి తాళంచెవి తీశాడు. బీరువా తెరిచి, ఎర్రలక్క సీలున్న కవరు పైకెత్తి చూపించాడు. "సీలు సూడండి. ఎవుడూ ముట్టుకోనేదు."

"అందులో కాగితం ఉందా, ఖాళీ కవరా?"

"అమ్మమ్మమ్మా!" జగ్గారావు కవరు పర్రున చింపి, కాగితం అతని ముందు పరిచాడు. "ఇదిగో. ఆటోనగర్ ఎనకాల మూడో వీధి, తాతబాబు గారి మేడ మీద గది. ఉందా, నేదా?"

కాశమ్మ తల కొట్టుకుంది. "సెప్పను సెప్పనంతనే మొత్తం సదివీసేవు గదయ్యా!"

"నోరుమూసుకోయే. ఈ సారు మనోలే."

భీమశంకరరావు చిరునామా రాసుకున్నాడు. ఒక్క మెచ్చుకోలు మాట కోసం బీరువాలు తెరిచే మనుషులు! ఇలాంటి చోట ఆడపిల్లను చేర్పించిన తండ్రిని చెప్పు తీసుకుని కొట్టాలి, అనుకున్నాడు.

"రిపోర్టులో నా పేరు బాగా రాయండి సార్!" వెనకనుంచి జగ్గారావు కేకేశాడు.

గేటు దగ్గర వాచ్‌మన్ లేచి సలాం కొట్టాడు. భీమశంకరరావు అతనివైపు చూడనైనా లేదు.

రోడ్డు మీద ఆటో ఎక్కి, పెద్దకొడుక్కి ఫోన్ చేశాడు: "దొరికిందిరా మీ సెల్లి, తమ్ముణ్ణి తీసుకుని ఆటోనగర్ వచ్చీయ్."