యాభై ఎనిమిది ఉలిక్కిపడడు

"వీడి జోలికి మాత్రం పోకు," అన్నాడు కోచ్ హెండ్రిక్, కాగితం మీద యాభై ఎనిమిదో నంబరు దగ్గర వేలు పెట్టి.

శనివారం ఉదయం. కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు డ్రెస్సింగ్ రూములో అవతలి జట్టు చిట్టా చదువుతున్నారు. ఎవడు ఏ హైస్కూల్లో ఆడాడు, ఏం వెలగబెట్టాడు, అన్నీ అందులో ఉన్నాయి. ఒక్కొక్కడి గురించి పదేసి లైన్లు. యాభై ఎనిమిదో నంబరు లేన్ వెబర్ గురించి రెండే. మొదటి ఏడాది కుర్రాడు, పోయిన వారమే జట్టులోకి వచ్చాడు. ఎవరూ పేరు వినని హైస్కూల్లో మూడేళ్ళు ఆడి, ఒక్కసారి కూడా తొందరపడి గీత దాటలేదు.

"ఒక్కసారి కూడానా?" అన్నాడు రాయిస్ డాబ్నీ.

"ఒక్కసారి కూడా. అందుకే నీ అరుపులు ఇవాళ్టికి కట్టిపెట్టి, బంతి విసురు."

రాయిస్‌కి ఒళ్ళు మండింది. ఆ అరుపులే అతని బతుకు.

క్వార్టర్‌బ్యాక్ అంటే బంతి అందుకుని ఆట నడిపేవాడు. రాయిస్ పని అదే. బంతి అందుకునే ముందు "హట్" అని అరుస్తాడు. ఎన్నో అరుపుకి బంతి కదులుతుందో సొంత జట్టుకే తెలుసు. మధ్యలో ఒక దొంగ అరుపు వేస్తే, ఎదుటివాడు ఉలిక్కిపడి, బంతి కదలకముందే రెండు జట్ల మధ్య గీత దాటాడా, అయిదు గజాలు ఊరికే వచ్చి పడతాయి. ఆ విద్యలో రాయిస్‌ని మించినవాడు ఓక్లహోమాలో లేడు. వాళ్ళ నాన్న పశువుల సంతలో వేలం పాడేవాడు. ఆ గొంతే కొడుక్కి దిగింది. హైస్కూల్ ఆఖరి ఏడాది నలభై ఒక్కమందిని గీత దాటించాడు.

మనిషి పొడుగు లేడు. భుజం అంతంతమాత్రం. హైస్కూల్ కుర్రాళ్ళని తూకం వేసి నక్షత్రాలు పంచే పెద్దమనుషులు ఇతని దగ్గర ఆగను కూడా ఆగలేదు. నోరు గలవాడిదే రాజ్యమని, నోటితోనే ఇక్కడిదాకా వచ్చాడు.

"ఇవాళ నీ వల్ల ఓడితే, వచ్చేవారం నుంచి నీ చోటు డార్సీది," అన్నాడు కోచ్. "వాడు మూడు నక్షత్రాల వాడు."

"నక్షత్రాలు ఆకాశంలో ఉంటాయి కోచ్. మనం ఆడేది నేలమీద."

ఆట మొదలైంది. రాయిస్ అరుపులకి అవతలివాళ్ళు ఇద్దరు గీత దాటారు. యాభై ఎనిమిది దాటలేదు. చేప మీద కొంగలా బంతి మీద చూపు పెట్టి, వంగి, అలాగే ఉన్నాడు.

"ఏరా కొత్త పెళ్ళికొడకా, తల ఎత్తవేం? సిగ్గా?" అన్నాడు రాయిస్.

యాభై ఎనిమిది బంతినే చూస్తున్నాడు.

"మీ ఊళ్ళో నిజంగా హైస్కూలుందా, గడ్డివాములో నేర్పారా?"

దానికీ తల ఎత్తలేదు.

"వదిలెయ్ రా," అన్నాడు ఒటిస్, రాయిస్ జట్టువాడే. ముందు వరసలో కొండలాంటి మనిషి. "వాడికి పొగరు. నిన్ను మనిషి కిందే లెక్కెయ్యట్లేదు."

ఆ మాట రాయిస్‌కి లోపలెక్కడో దిగింది.

ఆఖరి నిమిషం. నాలుగు పాయింట్లు వెనక. ఆఖరి ప్రయత్నం, ఇంకా నాలుగు గజాలు వెళ్ళాలి. వెళ్ళకపోతే బంతి అవతలివాళ్ళది, ఆట కూడా వాళ్ళదే. గీత బయటినుంచి కోచ్ చేత్తో సైగ చేశాడు. విసురు.

రాయిస్ చూశాడు. చూడనట్టు తిరిగాడు.

"బంతి కదలదు," అన్నాడు తనవాళ్ళతో. "నేను అరుస్తాను. యాభై ఎనిమిది దూకుతాడు."

"కోచ్ విసరమన్నాడుగా?" అన్నాడు ఒటిస్.

"కోచ్ చదివిన కాగితం నేనూ చదివాను. దాన్ని ఎవడో ఒకడు అబద్ధం చెయ్యాలిగా."

"దూకకపోతే?"

"నా అరుపుకి దూకనోడు లేడు."

అరిచాడు. ముప్ఫై ఏళ్ళు వాళ్ళ నాన్న కోడెల్ని అమ్మిన గొంతుతో అరిచాడు. జనంలో ఒక పసిబిడ్డ ఏడుపు అందుకుంది. రెండో అరుపు. మూడోది ఇంకా పైకి. యాభై ఎనిమిది కనురెప్ప కూడా ఆడించలేదు.

నాలుగో అరుపుకి ఒటిస్ దూకాడు. బంతి కదలదని తెలిసినవాడే, దూకి గీత అవతల పడ్డాడు.

శిక్షగా అయిదు గజాలు వెనక్కి. ఇప్పుడు తొమ్మిది గజాలు. ఈసారి రాయిస్ నిజంగానే విసరబోయాడు. బంతి ఇలా కదిలిందో లేదో, యాభై ఎనిమిది అలా వచ్చి అతన్ని నేలకి అంటించేశాడు.

ఆట అయిపోయింది.

"డార్సీ," అన్నాడు కోచ్, అదొక్క మాటే.

"కూర్చోబెట్టండి బెంచి మీద," అన్నాడు రాయిస్. "అక్కణ్ణుంచీ అరుస్తాను."

ఓడినా గెలిచినా రెండు జట్లూ వరసగా నిలబడి చేతులు కలపాలి. రాయిస్ హెల్మెట్ తియ్యకుండానే వెళ్ళాడు. తన కళ్ళు ఎర్రబడ్డాయని ఎవడికీ తెలియనక్కర్లేదు. యాభై ఎనిమిది చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"నలభై ఒక్కమందిని దూకించాను. ఇవాళ నా సొంతవాడే దూకాడు. నువ్వెందుకు దూకలేదో చెప్పు. చెప్పేదాకా వదలను."

ఆ కుర్రాడు హెల్మెట్ కమ్మీల్లోకి కాస్త తొంగిచూసి, నవ్వాడు.

"నవ్వకు. అడిగినదానికి చెప్పు."

యాభై ఎనిమిది వెనకున్న అతని జట్టు కుర్రాడు ముందుకొచ్చి రాయిస్ భుజం తట్టాడు.

"హెల్మెట్ తీసి అడుగు అన్నా, నీ పెదాలు కనబడితేనే వాడికి తెలిసేది, పుట్టినప్పటినుంచీ వాడికి చెవులు వినబడవు."